మబ్బుకు తీసిన ఫోటోలు

అమ్మకు నమస్కరించి రాస్తున్నాను.

ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, డాబా మీద తిష్ట వేసిన నా టెలిస్కోపూ ముగ్గురం కులాసా. మీరంతా బాగున్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. మోకాలి నొప్పి తగ్గిందని రాశావు గానీ, సరిగ్గా ఆ మాట దగ్గరే సిరా ముద్దకట్టింది. అంటే రాయనా వద్దా అని కలం ఆపి ఆలోచించావన్నమాట. మరదలిని వెంటబెట్టుకుని వెళ్ళి డాక్టరుకు చూపించుకో. నా దగ్గర దాచకు. ఈ మాట నీతో అనడానికి ఇవాళ నాకే మొహం చెల్లడం లేదు, అయినా అంటున్నాను.

నువ్వు మూడు సంగతులు అడిగావు. అల్లుడి దగ్గు ఎలా ఉంది, నేను ఆ గొట్టం ముందు కూర్చుని ఏం తీస్తున్నాను, ఆ తీసేవి నా కంటికి కనపడుతున్నాయా అని. మూడోది ఏదో మాటవరసకు అడిగినట్టు ఉత్తరం అంచున ఇరికించి రాశావు. అది ఎందుకు అడిగావో నాకు తెలియదా? నీకు రేచీకటి మొదలైంది నా వయసులోనే. నా చిన్నప్పుడు లైట్లు వేసే వేళకు నన్ను గుమ్మంలోకి పిలిచి, దూరంగా ఏదో చూపించి “అది కనపడుతోందా?” అనేదానివి. నేను ఊఁ అంటే హమ్మయ్య అనుకుని లోపలికి వెళ్ళేదానివి. ఆ ప్రశ్న ఇంకా నిన్ను వదల్లేదు. దానికి చివర్లో జవాబు రాస్తాను, నేరుగా ఆఖరి పేజీకి దూకకు.

అల్లుడి దగ్గు పోయింది. మందు మానేయడం వల్లే తగ్గిందని నేను, మందు వల్లే తగ్గిందని ఆయన, ఇంకా వాదించుకుంటున్నాం. ఫ్రిజ్‌లు బాగుచేసీ చేసీ ఆయనకు చల్లదనం మీద పగ పుట్టింది కాబోలు, టెలిస్కోపు అద్దం మీద మంచు పట్టకుండా సన్నటి వేడి పట్టీ ఒకటి తయారుచేసి చుట్టాడు. నా కర్టెన్ల షాపులో మిగిలిన నల్లగుడ్డతో నేను పక్కింటి వరండా లైటుకు అడ్డంగా తెర కుట్టాను. ఇద్దరం కలిసి చేసిన పని చాలా రోజుల తర్వాత ఇదే.

ఇక నేను తీసేది ఏమిటంటే, ఒకే ఒక్క గెలాక్సీ. వేల కోట్ల సూర్యుళ్ళు ఒకచోట గుమిగూడి సుడి తిరిగే గుంపు అది, మన ఊహకు అందనంత దూరంగా ఉంది. ఒక్క ఫోటో తీస్తే అందులో ఏమీ ఉండదు. అదే చోటు మళ్ళీ మళ్ళీ తీయాలి. కారే కుళాయి కింద గిన్నె పెట్టి పడుకుంటే పొద్దున్నకు నిండి ఉంటుంది చూడు, కెమెరా వెలుతురును అలా పడుతుంది. తర్వాత ఫోటోలన్నీ కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి పేర్చితే, అప్పుడు ఆ సుడి మెల్లగా పైకి తేలుతుంది. కటకం మీది దుమ్ము వల్ల ఫోటోల్లో పడే మచ్చలు తీసేయడానికి తెల్లారాక గొట్టం మూతికి తెల్లగుడ్డ బిగించి, ఆ గుడ్డకు కూడా ఫోటోలు తీయాలి. అది చూసి మీ అల్లుడు “రాత్రంతా చీకటికి ఫోటోలు, పొద్దున్నే పాతగుడ్డకు ఫోటోలు. నాకు మాత్రం పెళ్ళి తర్వాత ఒక్కటీ తీయలేదు” అని గొణిగాడు. నిజమే, ఈసారి తీసి పంపుతాను.

పోయిన నెలలో, నాలాగే ఆకాశానికి ఫోటోలు తీసే మా బృందమంతా వీధిదీపాలు అందని కొండవాలుకు వెళ్ళాం. మా పెద్ద ఒక రిటైరైన పళ్ళ డాక్టరుగారు. ఇన్నేళ్ళూ జనాల నోళ్ళలోకి చూసి విసిగిపోయి ఇప్పుడు పైకి చూస్తున్నారు. అక్కడ నేను చేసిన ఘనకార్యం చెబితే నువ్వు నవ్వుతావు. కెమెరా నడుస్తుంటే పక్కనే కుర్చీ వేసుకుని, దుప్పటి కప్పుకుని, ఎంత చక్కటి ఆకాశమో అనుకుంటూ కూర్చున్నాను. పొద్దున్న టీ తాగుతూ అందరం ఎవరి ఫోటోలు వాళ్ళం తెరిచాం. నావి మొదట్లో కాసిని తప్ప, మిగతావన్నీ సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి.

“మబ్బు పట్టిందని మేమంతా మూతలు బిగించి ముసుగుతన్ని పడుకుంటే, నువ్వు మబ్బుకు ఫోటోలు తీస్తూ కూర్చున్నావా తల్లీ!” అంది మాతో వచ్చిన లెక్కల టీచరు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి నా పేరు మబ్బులక్క.

అయితే అదే చోట నాకు ఒక గౌరవం కూడా దక్కింది, అది నీకు చెందాల్సింది. అక్కడ తెల్ల లైటు వేయడం నిషేధం, వేస్తే పక్కవాళ్ళ ఫోటోలు పాడవుతాయి. ఆ చీకట్లో లెక్కల టీచరు కెమెరా బిగించే మర గడ్డిలో పడేసుకుంది. అందరూ తలోవైపూ పాకుతూ తొక్కేస్తున్నారు. నేను “ఎవరూ కదలకండి” అని, నువ్వు చెప్పినట్టు పాదాలు తీయకుండా కూర్చుని, నా బొటనవేళ్ళ దగ్గర మొదలుపెట్టి అరచేత్తో చుట్లు చుట్టుకుంటూ వెళ్ళాను. దొరికింది. నా వైర్లకు ముడులున్నాయని కూడా వాళ్ళు అప్పుడే గమనించారు. కెమెరా వైరుకు ఒక ముడి, బ్యాటరీకి రెండు. మన వంటింట్లో ఉప్పు డబ్బా మూతకు ఒక ముడి, చక్కెరకు రెండు వేసి దారాలు కట్టేదానివి కదా, అదే పద్ధతి. ఇప్పుడు బృందంలో ప్రతివాడి వైర్లకూ ముడులే.

“ఇదంతా నీకు ఎవరు నేర్పారమ్మాయ్?” అని అడిగారు పళ్ళ డాక్టరుగారు.

“మా అమ్మండీ.”

“ఆవిడ ఏం చేసేవారు?”

“చీకట్లో ఇల్లు నడిపేది” అన్నాను.

ఇక నీ మూడో ప్రశ్న. ఇంతసేపూ కబుర్లతో దాన్ని వెనక్కి నెట్టాను, నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ పొద్దున్న టీ దగ్గర అందరూ నవ్వి వెళ్ళాక పళ్ళ డాక్టరుగారు నా పక్కకు వచ్చి కూర్చున్నారు. ఆయన నవ్వలేదు. “మబ్బు వచ్చినట్టు నీకు తెలియలేదా?” అన్నారు. “ఎప్పటిలాగే నల్లగా ఉందనుకున్నానండీ” అన్నాను. “మరి మబ్బు లేనప్పుడు నీకు ఎన్ని చుక్కలు కనపడతాయి?” అన్నారు. రెండో మూడో, బాగా పెద్దవైతే, అని చెప్పబోతూ ఆగిపోయాను. ఆ మాట నోట్లో ఉండగానే సంగతి నాకే తెలిసిపోయింది. ఆయన నా చేతిలోని టీ గ్లాసు తీసి పక్కన పెట్టారు.

నాకు కనపడవమ్మా. నీకు వచ్చిందే నాకూ వచ్చింది. కళ్ళ డాక్టరు పరీక్షలన్నీ చేసి, చాలా నెమ్మదిగా నడిచే రకం, పగటి చూపుకు ఇప్పట్లో ఢోకా లేదు, ఏటా వచ్చి చూపించుకో అన్నాడు. ఆ రోజు నేను ఏడ్చాను, అబద్ధం చెప్పను. మీ అల్లుడు “పోనీలే, రాత్రిళ్ళు నా మొహం చూసే బాధ తప్పింది” అన్నాడు. మర్నాడు డాబా మెట్ల పొడవునా పట్టుకోవడానికి పైపు బిగించాడు. అది పట్టుకుని పైకి ఎక్కుతూ ఇంకా ఎక్కువ ఏడ్చాను.

ఇప్పుడు నువ్వు ఏం చేస్తున్నావో నాకు తెలుసు. ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని “నా కళ్ళే దానికి ఇచ్చానే” అనుకుంటున్నావు. అలా అనుకోకు. నీకు వచ్చినప్పుడు నీకు దారి చూపేవాళ్ళు ఎవరూ లేరు. పడ్డావు, దెబ్బలు తిన్నావు, చూసుకుని నడవలేవా అని అందరిచేతా మాటలు పడ్డావు. నాకు మాత్రం అది రాకముందే అన్నీ నేర్పేసి ఉంచావు. నేను వాటిని ఆటలనుకున్నాను. ఇంట్లో కళ్ళు మూసుకుని తిరగడం, వేళ్ళతో గుండీలు గుర్తుపట్టడం, ఏ వస్తువు ఎక్కడ తీస్తే అక్కడే పెట్టడం, అన్నీ నాకు ఆటల్లాగే వచ్చాయి. నాకు భయం వేయలేదంటే అది నీ చలవే. ఇంత రుణపడి ఉన్నానని ఇన్నాళ్ళూ నాకే తెలియదు.

కవరులో ఒక ఫోటో పెట్టాను, అదే నా గెలాక్సీ. టెలిస్కోపులోంచి నేరుగా చూస్తే తనకు కూడా బూడిదరంగు మసకే కనపడుతుందని పళ్ళ డాక్టరుగారు ఒట్టేసి చెప్పారు. ఈ సుడులూ, ఈ నీలం రంగూ ఎంత మంచి కళ్ళున్నవాళ్ళయినా ఇలా ఫోటోలోనే చూడాలి. అందుకని దీపాలు పెట్టేదాకా ఆగకు. మిట్టమధ్యాహ్నం, కిటికీ తెరలన్నీ లాగేసి, బోలెడంత ఎండలో పెట్టుకుని చూడు. ఇందులో ఎవరికి ఎంత కనపడుతుందో నీకూ అంతే కనపడుతుందమ్మా, ఒక్క చుక్క కూడా తక్కువ కాదు.

ఇట్లు,
అచ్చం మా అమ్మ పోలికేనని అందరికీ చెప్పుకు తిరిగే
నీ కూతురు