బ్యాటరీ ఆటోకు నేను వేసిన లెక్క

తిరుపతి

అమ్మకు, నేను క్షేమమే, దిగులుపడవద్దు. ఫోన్‌లో అయితే నువ్వు మాట మార్చేస్తావని కార్డు రాస్తున్నాను. చెల్లి నిస్సీ చదివి వినిపిస్తుంది.

నిన్న మనకు అంత ఎక్కువగా వచ్చిన కరెంటు బిల్లు తీసుకెళ్లి ఇక్కడి కరెంటు ఆఫీసులో చూపించాను. తప్పు మీటరుది కాదమ్మా, నాది. బ్యాటరీ ఆటో కొనమని నాయనకు లెక్క వేసి ఇచ్చినప్పుడు, ఛార్జింగుకయ్యే యూనిట్లన్నిటికీ మన పాత బిల్లులోని తక్కువ రేటే వేశాను. వాడకం పెరిగేకొద్దీ రేటు కూడా పెరుగుతుందని చూసుకోలేదు. "డిగ్రీ సదివినానంటావు, బిల్లు యెనకాల ఏముండాదో సూడలేదా పాపా?" అని అక్కడి గుమాస్తా నవ్వాడు. డీజిల్ ఆటో అమ్మేసుకున్నాం. ఇక ఏం చేయాలో నాకు తోచడం లేదు.

నువ్వు గ్రైండర్ ఆపేసి, ఆపరేషన్ అయిన చేత్తో అంగడి ఇడ్లీలకు పిండి రోట్లో రుబ్బుతున్నావట. దానివల్ల రోజుకు అర యూనిట్ కూడా మిగలదు. మానెయ్యమ్మా.

మేక ఈనిందా? నా పచ్చ చీర నిస్సీని కట్టుకోమను.

"నా బిడ్డ లెక్క తప్పదు, మీ మీటరే దొంగమీటరు" అని నాయన రోజూ లైన్‌మన్‌తో కొట్లాడుతున్నాడట. నిజం నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు.

ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ కూతురు,
రూతు