సంపే ఉద్దేశంతో అనే మాట

మంగళవారం, పుంగనూరు

సెప్పేది నేను, రాసేది నా మనవరాలు గౌరి. ఒక్క మాట మార్సినా ఊరుకోను.

మా బావ కొడుకు రెడ్డెప్ప నా టమాటా తోటకు పారే నీళ్ల పైపు కొడవలితో నరికినాడు. అడ్డం పోతే తోసినాడు, నా సెయ్యి ఇరిగింది. ఇదంతా నిజం. ఈ పొద్దు మదనపల్లెలో లాయరు ఇంగ్లీషులో రాసిన కేసు కాయితం గౌరి సదివింది. 'విత్ ఇంటెన్షన్ టు కిల్' అని ఉండాది. నన్ను సంపే ఉద్దేశంతోనే తోసినాడంట!

"వాని మనసులోది నీకెట్ల తెలిసెనప్పా? దాంట్లో కాపురముండావా?" అని లాయర్ని అడిగితి.

"అట్ల రాస్తేనే వాడు జైలుకు పోతాడవ్వా. లేకుంటే వారం తిరక్కుండా మళ్లా నీ మీదికొస్తాడు."

"వాడు సేసింది రాయి. అనుకునింది వాడే సెప్పనీ" అని, ఏలిముద్ర ఎయ్యకుండా వచ్చేస్తి.

బస్సులో గౌరి మెల్లగా అడిగింది, "నిజంగానే సంపాలనుకున్నాడేమో అవ్వా?"

లేదే అంటి. నన్ను తోసే ముందర వాడు కొడవలి కింద పడేసినాడు. నేను సూసినాను.

పడేసినాడా, సేతిలోనించి జారిపోయిందా? రేపు మళ్లా లాయరు కాడికి పోయేలోపల అది గుర్తు తెచ్చుకోవల్ల.