మూడో అంతస్తు ఎండ

సుజాతా,

నువ్వు పోయాక ఏడాదికి మన మయూర్ విహార్ బ్లాకుకి లిఫ్టు వచ్చింది. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసొచ్చి నాలుగంతస్తులు ఎక్కలేక, లిఫ్టు పెట్టించమని ఇంటింటికీ తిరిగి బతిమాలింది నువ్వే.

అంత అలసటలోనూ మూడో అంతస్తులో ఆగేదానివి. మెట్ల పక్క సిమెంటు జాలీ కన్నాల్లోంచి ఎండ దూరి, పాన్ మరకల గోడ మీద పూలు పూలుగా పరుచుకుంటే ఫోన్లో ఫోటో తీసేదానివి.

లిఫ్టుని సరిగ్గా ఆ జాలీకి ఆనించి, ఎండకి అడ్డంగా కట్టారు. ఇవాళ పొద్దున నీ ఫోన్ పట్టుకుని, నువ్వు నిలబడే మెట్టు మీదే నిలబడ్డాను. కింది ఫ్లాటు దీదీ లిఫ్టు దిగి వింతగా చూసింది.

"అక్కడేముంది భయ్యా?"

"ఏమీ లేదు దీదీ."

అయినా ఒక ఫోటో తీశాను. మరకలు బాగా వచ్చాయి.