ఫోన్ గుంతకు పోసిన నీళ్లు

కర్నూలు,
మే 5, 2025.

చిరంజీవి మహిమకు,

దేవేంద్రప్ప ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్ చేసి "సార్, నేను దాసన్న కూతుర్ని" అన్నప్పుడు ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. ముసలాయనకు చెవుడేమో అనుకొని నువ్వు మళ్లీ గట్టిగా చెప్పావు. చెవుడు కాదమ్మా. నువ్వు అడిగినదానికి ఫోన్లో జవాబు చెప్పడం ఇష్టంలేక పెట్టేశాను. నోటిమాట ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకుంటారు. ఈ కరెంటు శాఖలో ముప్పై నాలుగేళ్లు చేసి నేర్చుకున్నది అదొక్కటే. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నాపరాళ్లపల్లె సబ్‌స్టేషన్‌లో ఇంజనీరుగా చేరి ఆరు నెలలైందన్నావు. మీ నాయన ఆపరేటర్‌గా పనిచేసి, ప్రాణం విడిచిన చోటే. అక్కడికి కొత్త కమ్యూనికేషన్ ప్యానెల్ వస్తోంది. కంట్రాక్టరు మనిషి రామాంజి దాని ఎర్త్ తీగను భూమిలోకి దించేందుకు కంచె అవతల విడిగా ఒక గుంత తవ్వుతానంటున్నాడు. దానికి ఒప్పుకొని నువ్వు సంతకం పెట్టాలా వద్దా అన్నది నీ ప్రశ్న.

పెట్టొద్దు.

ఎందుకో నీకు తెలుసు, చదువుకున్నదానివి. అయినా రామాంజికి చదివి వినిపించేందుకు నా పద్ధతిలో రాస్తాను. మన యార్డు కింద మోకాలి లోతున ఇనుప పట్టీలు జాలిలాగా పరిచి ఉంటాయి. లైను తీగ తెగి నేలను తాకితే వేల ఆంపియర్లు ఆ జాలిలోకి వచ్చి దిగుతాయి. తడి నేల అయితే మింగేస్తుంది. మన నేల మింగదు. పైన మోకాలి లోతు మట్టి, కింద నాపరాయి. అప్పుడు ఆ జాలి, దాన్ని అంటుకున్న ప్రతి ఇనుప ముక్కతో సహా వేల వోల్టులకు లేస్తుంది. లేచినా భయం లేదు. మంచం మీద పదిమంది కూర్చున్నప్పుడు మంచాన్ని ఎత్తితే పదిమందీ కలిసే లేస్తారు, ఎవరికీ దెబ్బ తగలదు. కానీ అందులో ఒకడి చెయ్యి నేలలో పాతిన గుంజకు కట్టి ఉంటే? విడిగా తవ్విన ఎర్త్ గుంత ఆ గుంజ. జాలితో కలపని ప్యానెల్ ఆ తాడు. దాన్ని ముట్టుకున్న మనిషే ఆ ఒకడు.

మీ నాయన సంగతి కూడా నువ్వు తెలుసుకోవాలి. అప్పట్లో కర్నూలుకు మాట్లాడే ఫోన్ గోడకు బిగించిన ఇనుప పెట్టె. దాని ఎర్త్ యార్డు జాలికి కాక, క్వార్టర్ల గోడ పక్కన విడిగా ఒక గుంతకు పోయేది. ఎండాకాలం వస్తే ఆపరేటర్లు పొద్దున్నే ఎర్త్ గుంతలన్నిటికీ తడి ఆరకుండా బిందెలతో నీళ్లు పోస్తారు, మన పక్క అది లేనిదే డ్యూటీ మొదలవదు. దాసన్న ఫోన్ గుంతకు మాత్రం రెండు బిందెలు ఎక్కువ పోసేవాడు. ఒకసారి నాతోనే అన్నాడు:

"సార్, దీనికి దప్పికైతే ఫోన్లో తుమ్మెదలు మోగుతాండాయి. నీళ్లు పోస్తే కర్నూలు సార్లు తిట్టే తిట్లు గూడా శానా తేటగా ఇనబడతాండాయి. రెండిట్లో యాది మేలో మీరే చెప్పాల."

నేను నవ్వాను. ఆ గుంతను ఎంత తడిపితే గుంజ అంత గట్టిగా పాతుకుంటుందని ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు.

మీ నాయన పోయిన ఏడు మే నెలలో ఒక సాయంత్రం నాలుగు గంటలకు దుమ్ముగాలి లేచింది. యార్డు బయటే తీగ తెగి పడింది. కర్నూలుకు కబురు చెప్పాలని మీ నాయన లేచాడు. ఎడమ చేయి జాలికి కలిపిన ప్యానెల్ తలుపు మీద, కుడి చేయి ఫోన్ పెట్టె మీద. అంతే. విచారణలో "తడి చేతులతో పరికరాన్ని తాకడం వలన" అని రాశారు. గుంతకు నీళ్లు పోసి చేతులు తుడుచుకోలేదట! పొద్దున పోసిన నీళ్లు మే నెల ఎండలో సాయంత్రం దాకా చేతుల మీద ఉంటాయా అని అడిగినవాడు లేడు. మీ అమ్మ కృపమణికి ఆ కాగితమే చదివి వినిపించారు.

ఆ గుంత ఎవరు పెట్టించారని నువ్వు అడగలేదు. అడగకపోయినా చెప్తాను. అప్పటి మెయింటెనెన్స్ ఇంజనీరు రంగస్వామి. జీవితంలో పుస్తకం తెరవని మనిషి. చేతిలో స్పానర్ ఉంటే ప్రపంచమంతా నట్లూ బోల్టులే అతనికి. పని చెడగొట్టి, బద్వేలుకు బదిలీ పెట్టించుకొని పారిపోయాడు. అట్లాంటివాడు తర్వాత నాకు పై అధికారి అయ్యాడు. రెండేళ్ల కింద పోయాడు. పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు. ఆ మాట పుట్టించినవాడికి రంగస్వామి తెలియదు.

నా ఇంట్లో మూడు బీరువాల పుస్తకాలున్నాయి. నేను చదివి అర్థం చెప్పినవాళ్లకు పదవులు వచ్చాయి, నాకు కళ్లజోడు వచ్చింది. "నువ్వు చదివిందంతా ఎవర్నో ఒకర్ని బోనెక్కించేకే పనికొచ్చింది" అంటుంది నా భార్య శివలీల. అననీ.

గుంత తవ్వనివ్వకు. ప్యానెల్‌ను జాలికే కలిపించు. ఎవరైనా అడిగితే దేవేంద్రప్ప చెప్పాడని చెప్పు.

నీ క్షేమం కోరే,
దేవేంద్రప్ప


నాపరాళ్లపల్లె,
మే 14.

గౌరవనీయులైన దేవేంద్రప్ప సార్‌కు,

మహిమ వందనాలు. మీ ఉత్తరం అందింది. మంచం సంగతి రామాంజికి చదివి వినిపించినాను. అతను నవ్వినాడు. "ఏం మేడమ్, ఆ సారు రాసిన కాగితం పట్టుకునే గదా మేము పది సబ్‌స్టేషన్లలో గుంతలు తవ్వింది! గురువుగారే అడ్డం తిరిగితే మేము యాడికి పోవాల?" అని సెల్‌లో ఒక ఫోటో చూపించినాడు.

నేను నమ్మలేదు. స్టోర్ రూమ్‌లో పాత బీరువా తాళం పగలగొట్టించి ఫైలు తీసినాను. అందులో ఆ కాగితం ఉంది. టైపు చేసింది, కింద బొమ్మ గీసి ఉంది. "కమ్యూనికేషన్ పరికరాల ఎర్త్ విడిగా ఉండవలెను. యార్డు జాలికి కలుపరాదు." సంతకం మీది. ప్రమాదానికి రెండు నెలల ముందు తేదీ.

కాగితం అంచున పెన్సిలుతో వేరే చేతిరాత ఉంది సార్. "ఒప్పుకోను. పట్టీ వేసి జాలికి కలిపినాను, ఏప్రిల్ 3. మళ్లీ విప్పినారు, ఏప్రిల్ 11." కింద రంగస్వామి అని ఉంది.

ఎవరు విప్పినారు సార్?

ఇంకొకటి. విచారణ రిపోర్టు గూడా అదే ఫైల్లో ఉంది. ప్రమాదం మరుసటి రోజు చూసినప్పుడు ఫోన్ పెట్టె నుంచి జాలికి పట్టీ బిగించే ఉందని రాసినారు. రంగస్వామి సార్ విప్పి ఉండిందని చెప్పినా, కళ్ల ముందర బిగించి ఉంది కాబట్టి ఆయన మాట నమ్మలేదంట. నేను రెండు రోజులు దాన్నే చూస్తా కూర్చున్నాను. పట్టీ బిగించి ఉంటే మా నాయన పోడు. పోయినాడంటే ఆ నాలుగు గంటలకు పట్టీ లేదు. తెల్లారేసరికి ఉంది. నడుమ ఎవరు బిగించినారు?

మా నాయన పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. ముఖం గుర్తు లేదు. మా అమ్మ మిషన్ బడిలో ఆయాగా చేసి నన్ను చదివించింది. చిన్నప్పుడు నేను చేతులు కడుక్కొని తుడుచుకోకుండా స్విచ్ దగ్గరికి పోతే చాలు, "మీ నాయన మాదిరి సస్తావా?" అని వీపు మీద కొట్టేది. కొట్టి తనే ఏడ్చేది. మా ఇంట్లో ఆయన పేరు ఎప్పుడొచ్చినా అట్లనే వచ్చింది. చేతులు తుడుచుకోని మనిషి.

పని ఆపించినాను. మా పై సార్ ఈ నెలాఖరు దాకా గడువు ఇచ్చి, "దేవేంద్రప్పంతటి వాడు సంతకం పెట్టిన పద్ధతి. నీకేందమ్మా అడ్డం?" అన్నాడు. ఆ కాగితం తప్పని అది రాసినవాళ్లే చెప్తే తప్ప నేను ఎక్కువ రోజులు ఆపలేను.

జవాబు రాయండి సార్. రాయకపోయినా నాకు అర్థమైతాది. రాస్తే మా అమ్మకు అర్థమైతాది.

ఇట్లు,
దా. మహిమ


కర్నూలు,
మే 19.

అమ్మా మహిమా,

విప్పింది నేను. బిగించిందీ నేనే.

ఇంతకంటే రాయవలసింది లేదు. కానీ ఇన్నేళ్లు దాచినవాడు రెండు మాటల్లో చెప్పి తప్పించుకుంటే అది ఇంకొక మోసం అవుతుంది. అందుకని వరసగా రాస్తాను.

ఆ ఫోన్లో రొద గురించి కర్నూలు నుంచి రోజూ ఫిర్యాదు. కమ్యూనికేషన్ నా విభాగం, పరువు నాది. ఒక విదేశీ పుస్తకం తెప్పించుకొని చదివాను. యంత్రాల ఎర్త్‌ను కరెంటు ఎర్త్‌తో కలపకుండా శుభ్రంగా విడిగా పెడితే రొద పోతుందని అందులో ఉంది. రాసినవాడు ఏడాది పొడుగునా వాన పడే దేశంలో, ఒక రేడియో స్టేషన్ కోసం రాశాడు. నేను దాన్ని తెచ్చి నాపరాళ్ల మీద, హైటెన్షన్ తీగల కింద పెట్టాను. రొద పోయింది. మీ నాయన చేతులెత్తి దండం పెట్టాడు. అదొక గొప్పగా పద్ధతి రాసి, సంతకం పెట్టి, మా సర్కిల్‌లోని సబ్‌స్టేషన్లన్నిటికీ పంచాను.

రంగస్వామి ఆ కాగితం పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "దేవేంద్రప్పా, నాకు నీయంత ఇంగ్లీషు రాదు. కానీ ఒక గదిలో రెండు ఎర్తులుంటే నాకు గుండె అదురుతాదప్పా. కలిపేద్దాం. రొద ఉంటే ఉండనీ, మనిషి ఉంటాడు" అన్నాడు. నలుగురి ముందు నేనేమన్నానో తెలుసా? "రంగస్వామీ, ముందు ఆ పుస్తకం పేరు తప్పులేకుండా చదువు, తర్వాత మాట్లాడదాం" అన్నాను. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. నాపరాళ్లపల్లెకు పోయి తన చేత్తో పట్టీ బిగించాడు. వారం తిరగ్గానే నేను పోయి విప్పాను. మీ నాయన పక్కనే నిలబడి నాకు స్పానర్ అందించాడు. "పెద్ద సార్లు మీరు మీరు పట్టీలాట ఆడుకుంటాండారు, నడుమ నా తుమ్మెదలకు గూడు కుదరకుండా పోయె" అన్నాడు.

ప్రమాదం కబురు తెలిసిన రోజు నేను ప్రొద్దుటూరులో ఉన్నాను. జీపులో పోలీసులకంటే ముందు చేరాను. దాసన్నను బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. వాచ్‌మన్ కృపమణికి చెప్పేందుకు పోయాడు. గదిలో ఆయనా నేనూ. నేను ఆయన చెయ్యి పట్టుకొని చూశాను. పొడిగా ఉంది. అరచేతిలో బోర్డు మీద రాసిన సుద్దపొడి, వేళ్ల సందుల్లో దుమ్ము. ఆ చెయ్యి వదిలేసి, పోయి, సొరుగులోంచి స్పానర్ తీసుకొని పట్టీ బిగించాను. బిగిస్తుంటే చేతులు వణకలేదు. నన్ను ఇన్నేళ్లు నిద్ర పోనివ్వనిది అదే.

విచారణ అధికారి పెద్దమనిషి. నన్నే అడిగాడు, "మీరు చదువుకున్నవారు, కారణం ఏమంటారు?" అని. తడి చేతులన్న మాట నాది. రిపోర్టులో ఆ వాక్యం పూర్తిగా నాది, కామాలతో సహా. రంగస్వామిని అబద్ధాలకోరని తేల్చి బద్వేలుకు పంపారు. అతను అడిగి పోలేదు. పోతూ ఒకసారి నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ఏదైనా అంటాడని చూశాను. తిట్టినా బాగుండేది. నా వైపు చూసి వెళ్లిపోయాడు. తర్వాత అధికారై వచ్చినా ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తనందుకే అతన్ని ద్వేషించాను. రెండు వారాల కింద నీకు రాసిన ఉత్తరంలో, చచ్చిన మనిషి నెత్తిన నా పాపం మళ్లీ ఒకసారి పెట్టాను. జవాబు చెప్పలేడని తెలిసే పెట్టాను.

విచారణ అయ్యాక నా కాగితాలన్నీ చింపేశాననుకున్నాను. ఒకటి పది సబ్‌స్టేషన్లు తిరిగిందని నీ ఉత్తరంతో తెలిసింది. నాపరాళ్లపల్లె తర్వాత ఇంకెక్కడైనా ఎవరి చేతులైనా తడిగా ఉన్నాయని ఎవరైనా రాశారా? నాకు తెలియదు. తెలుసుకోవాలంటే భయంగా ఉంది. నువ్వు తెలుసుకో. ఆ పది చోట్లకీ ముందు పో.

దీంతో పాటు ఇంకొక కాగితం పంపుతున్నాను. శాఖకు రాసిన వాంగ్మూలం. నేను పెట్టిన పద్ధతి ప్రమాదకరమని, ఎక్కడెక్కడ విడి గుంత ఉందో అక్కడ వెంటనే పరికరాలను యార్డు జాలికి కలపాలని, దాసన్న మరణానికి కారణం నేను విప్పిన పట్టీ అని, రంగస్వామి చెప్పింది నిజమని ఉంది. ప్రతి పేజీ కింద సంతకం ఉంది. సాక్షి సంతకం శివలీలది. ఆమె చదివి, సంతకం పెట్టి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. అది మీ పై సార్‌కు ఇవ్వు. నా మీద ఏ చర్య తీసుకున్నా తీసుకోనీ. రంగస్వామి భార్య మహాదేవికి బద్వేలుకు వేరే రాశాను.

నువ్వు నీ ఉత్తరం చివర రాసిన మాట చాలాసార్లు చదివాను. రాస్తే మీ అమ్మకు అర్థమవుతుందన్నావు. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించవద్దు. ఒకసారి కాగితం చదివి వినిపించే ఆమె భర్తను దోషిని చేశారు. రెండోసారి కూడా కాగితమే రాకూడదు.

గురువారం పొద్దున ప్రొద్దుటూరు బస్సెక్కి, అక్కడి నుంచి మీ ఊరికి వస్తాను. నడవగలను. నీ సాయం అక్కర్లేదు. కృపమణి ముందు నిలబడి నా నోటితోనే చెప్తాను. ఆమె వింటుందో, చెప్పు తీస్తుందో, దాసన్న చేతుల గురించి మళ్లీ మళ్లీ అడుగుతుందో నాకు తెలియదు. అడిగినన్నిసార్లు చెప్తాను. నా ముఖం చూసి ఆమె తలుపు వేసేస్తే, గడప బయట నిలబడి చెప్తాను.

ఆమె తెరిచేదాకా నువ్వు మాత్రం ఆ తలుపు తెరవొద్దు.

ఇట్లు,
దేవేంద్రప్ప