ఐదు ఆఠీన్లు

జమ్మలమడుగు,
12-8-1957

ఖాజా మామా,

నువ్వు క్లబ్బుకు రాక మూడేండ్లాయ. పేకాటలో పాట పాడేముందు నువ్వు బీడీ చెవిసందున పెట్టుకుండేది ఇంకా నా కండ్లల్లోనే ఉంది.

ఆ పొద్దు బ్రిడ్జి ఆటలో నేను మూడు ఆఠీన్లు పాడి, నా చెయ్యేందో, ముక్కలెట్లా ఉండాయో నీకు చెప్పేస్తి. ఎదురు జట్టులో డాక్టరు నాలుగు ఇస్పేట్లంటే, వాండ్లు ఓడిపోతారని నువ్వు డబుల్ అంటివి. నేను గమ్మునుండక నీ డబుల్ మీద ఐదు ఆఠీన్లు పాడి, గెలిచే ఆట పోగొడితి. "నా మాట మీద నమ్మకం లేదా అప్పా?" అని లేసి పోతివి.

నమ్మకం ఉండె మామా. నా ముక్కల మీద మోజు ఎక్కువాయ.

"చెయ్యి చెప్పేసినోడు మళ్లా నోరు తెరవగూడదు, తీర్పు జతగానిది" అని నేర్పించింది నువ్వే.

ఆదివారం నీ కుర్చీ ఖాళీగా పెడతాండా. చెప్పాల్సింది చెప్పేస్తి. ఇంగ మళ్లా రాయను.

నీ జతగాడు