గ్రాఫిక్స్ కార్డుల జరీ పోగు

ఆదివారం, గద్వాల

శీనుగాడు గిట్ల చేస్తడనుకోలె. బడి సంది దోస్తు. కొత్త గ్రాఫిక్స్ కార్డుకు నా పైసలు సాలవంటే వాడే చెప్పిండు, "హైదరాబాద్‌ల నాకు తెల్సిన దుకాణం ఉందిరా, సెకండ్ హ్యాండ్‌ది మంచిది నేనే తెచ్చిస్త" అని. పైసలు తీస్కొని తెచ్చిచ్చిండు గూడ. ప్రాసెసర్, మదర్‌బోర్డు గూడ వాడు ఏది సౌక అంటే అదే కొన్న.

ఇయ్యాల అన్నీ బిగించి గేమ్ పెడితే పది నిమిషాలకే స్క్రీన్ నల్లగైంది. దుమ్ము పట్టిందేమో అని కార్డు ఫ్యాన్ విప్పి చూసిన. రెక్కల నడుమ బంగారు జరీ పోగు చుట్టుకొని ఉంది.

హైదరాబాద్ దుకాణంల మగ్గం యాడిది? థూ! ఇది శీనుగాని ఇంట్ల, మగ్గం పక్కనున్న కంప్యూటర్‌ల కార్డే. రెండేండ్లు దాని మీదనే ఇద్దరం ఆడినం. అప్పుడు గూడ గిట్లనే నల్లగైతుండె.

ఇంతల వాడే ఫోన్ చేసిండు. "ఎట్ల నడుస్తుందిరా?"

"మంచిగనే" అన్న. ఎందుకట్లన్ననో నాకే తెల్వదు.

అరే శీనుగా, "ఇది నాదే, జర సతాయిస్తది, తీస్కుంటవా" అని ఒక్క మాట అడిగుంటే, గదే పైసలిచ్చి తీస్కుంటుంటి గదరా.