టెర్మినల్ మీద కుంకుమ

బుధవారం, అమావాస్య మరుసటి రోజు. ఎమ్మిగనూరు.

చేతుల గ్రీజు ఇంకా వదల్లేదు, అయినా రాయాల్సిందే. కారు స్టార్టయింది! నేను చెప్పినట్టే!

సర్వీసుకని ఆదోని ఆయన నిన్న మా షెడ్డులో వదిలిన కారు. ఈరోజు ఆయనొచ్చి తాళం తిప్పితే టక్‌టక్‌మనడమే తప్ప ఇంజను తిరగలేదు.

"సెల్ఫ్ మోటార్ పోయిండాది, ఇప్పురా," అన్నాడు మేస్త్రీ.

"మోటార్ బాగానే ఉండాదన్నా. కరెంటు యాడో ఆగిపోతాంది."

"ఫోన్లో వీడియోలు జూసి నాకే సెప్తావా? తప్పయితే రేపట్నుంచి షెడ్డుకు రావద్దు, పో!"

ఒళ్లు మండింది. నా వోల్టు మీటరు తీగ ఒకటి బ్యాటరీ టెర్మినల్ మీద, ఇంకొకటి దానికి బిగించిన క్లాంపు మీద పెట్టి కారాయనతో తాళం తిప్పించాను. టెర్మినలూ క్లాంపూ సరిగ్గా ఆనుకుని ఉంటే దాదాపు సున్నా చూపాలి. అంకె ఎగిరింది! క్లాంపు విప్పితే లోపల ఎండిపోయిన పసుపూ కుంకుమా. నిన్న అమావాస్య పూజలో మేస్త్రీ బ్యాటరీ తుడిచి, టెర్మినల్‌కే బొట్టు పెట్టి, దాని మీదే క్లాంపు బిగించాడు. గీకి బిగించాను. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

నా నోరు ఊరుకుంటుందా? "బొట్టు బండికి పెట్టాల గానీ, కరెంటుకు అడ్డం పెడితే ఎట్లన్నా?" అనేశాను. కారాయన పడీపడీ నవ్వాడు. మేస్త్రీ నవ్వలేదు.

సాయంత్రం నా మీటరు తీసుకుని, ఎవరినీ ముట్టనివ్వని తన పెట్టెలో పెట్టి తాళం వేశాడు. లాక్కున్నాడా, భద్రం చేశాడా? ఏమో. రేపు రావద్దని మాత్రం మళ్లీ అనలేదు.

తెల్లారితే నేనైతే షెడ్డుకు పోతాను.